సుర్రుమంటే చాయ్

నేనుండే గది కింద, అశోక్‌నగర్ సందులో, ఒకామె ఇస్త్రీ బండి పెట్టుకుంది. పొద్దున్నే ఆమె నూలు చొక్కా మీద నీళ్ళు చల్లి పెట్టె ఆనించగానే సుయ్‌మని ఒక చప్పుడు, దాని వెనకాలే ఒక వాసన మేడ మీదికి వస్తాయి. తడి నూలు వేడెక్కే వాసన అది. అందులో కొంచెం గంజి ఉంటుంది, కొంచెం బొగ్గు ఉంటుంది. ఆ వాసన రాగానే నాకు మా రాజలింగం సేటు గుర్తొస్తాడు. ఆయన పోయి చాలా ఏండ్లయింది. ఈ వాసన మాత్రం రోజూ వచ్చి పలకరించి పోతుంది.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే రూపం కాదు. పొట్టి మనిషి, ఎప్పుడూ చేతుల బనీను, మెడ మీద తువ్వాలు. చిక్కడపల్లిలో పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో లాండ్రీ నడిపేవాడు. నేను ఆ లాండ్రీలో ఇస్త్రీ చేసేవాణ్ణి. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి కనుక మాటను తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. రాయబోయేది ఒక జబ్బు గురించి కూడా. అది మగవాళ్ళు పైకి చెప్పుకోని చోట వస్తుంది. సిగ్గుపడేవాళ్ళు ఇక్కడే ఆపేసి పేజీ తిప్పుకోవచ్చు. అసలు వాళ్ళే చదవాలని నాకుంది.

మా దుకాణంలో ఒక కట్టుబాటు ఉండేది. బొగ్గుల పెట్టెల కాలంలో సేటు వాళ్ళ నాయన పెట్టాడట. ఇస్త్రీ బల్ల దగ్గర ఎవరికి చెయ్యి కాలినా నోరు మెదపకూడదు. 'అబ్బా' అన్నా, 'సుర్రుమన్నది' అన్నా, చివరికి పళ్ళ సందులోంచి గాలి పీల్చినా ఆ మనిషి అందరికీ చాయ్ తాగించాలి. మేం నలుగురం పనివాళ్ళం వారానికి ఒకసారైనా ఎవరో ఒకరం ఓడిపోయేవాళ్ళం. సేటు ఒక్కనాడూ ఓడిపోలేదు. ఒకసారి ఎవరో గిరాకీతో మాట్లాడుతుండగా పెట్టె అంచు ఆయన మణికట్టుకు తగిలింది. చర్మం కమిలిపోవడం మేమంతా చూశాం. ఆయన మాత్రం గిరాకీ ముఖంలోకే చూస్తూ, "పంచెలు రేపు సాయంత్రం తీసుకపోండ్రి" అని మాట పూర్తి చేశాడు. గిరాకీ వెళ్ళాక నేనే అన్నాను.

"సేటూ, ఒక్కసారి అనరాదుండ్రి. చాయ్ లేక నాలుకలు ఎండిపోతున్నయి."

"నా నోట్లకెళ్ళి ఆ మాట వచ్చిన్నాడు ఈ దుకాణం మూసేస్త" అన్నాడాయన.

కింద చూశాను. చెప్పులో ఆయన కాలివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. నోరు గెలిచింది గానీ కాలివేళ్ళకు ఆ కట్టుబాటు తెలియదు.

నాకు చదువు ఆయన చెప్పిందే. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల బట్టలు మా దగ్గరికి వచ్చేవి. ఏ చొక్కా ఎవరిదో నాకు చూస్తేనే తెలిసేది. గుండీ దారం రంగు, కాలరు అరిగిన తీరు చాలు. ఒక మధ్యాహ్నం పని తెరిపి ఇచ్చినప్పుడు సేటు అడిగాడు.

"సాయిలూ, నీకు కండ్లు కనపడుతున్నయా?"

"కనపడుతున్నయి."

"అయితే చదువనీకి ఇంకేం కావాలె?"

"ఈ వయసులనా సేటూ?"

"మరి ఏ వయసుల? నువ్వు మళ్ళ పుడుతవా?"

పలకా బలపం తేలేదు. బల్ల మీద పరిచిన తెల్ల దుప్పటి అప్పటిదాకా ఇస్త్రీ చేసి వేడిగా ఉండేది. నీళ్ళ గిన్నెలో వేలు ముంచి దాని మీద అక్షరం రాసేవాడు. తడి అక్షరం నల్లగా కనిపించి, చూస్తుండగానే అంచుల నుంచి ఆరుతూ మాయమైపోయేది. "ఆరేలోపల చదువు" అనేవాడు. నేను పెదవులు కదిలించి లోలోపల అనుకునేవాణ్ణి. బట్టల కోసం వచ్చిన చదువుకునే పిల్లలు ఎదురుగా నిలబడి ఉంటే యాభై దాటినవాడు 'క' అని ఎట్లా అరుస్తాడు? అది ఆయన కనిపెట్టాడు.

"నోట్లనే అనుకుంటే అది నీ కాడనే ఉంటది. బయటికి అను. తప్పయితే దిద్దుత. నోట్ల దాచిపెట్టుకున్న తప్పును నేనెట్ల దిద్దాలె?"

బయటికి అన్నాను. ప్యాంటు కోసం నిలబడ్డ ఒక కుర్రాడు నవ్వాడు. సేటు వాడివైపు తిరిగి, "నీ పరీక్ష ఇయ్యాల తప్పితే మళ్ళ వస్తది తమ్మీ. ఈయన అక్షరం అంతసేపు ఆగది, ఆరిపోతది" అన్నాడు. వాడు నవ్వు ఆపి, నేను పలికే అక్షరం వంక వంగి చూశాడు. కొన్ని నెలలకు నారాయణగూడ చౌరస్తాలో బస్సు ముందు బోర్డు నాకు నేనుగా చదివాను. గట్టిగానే చదివాను, "కో...ఠి" అని. కండక్టర్ తల బయటపెట్టి, "అవును పెద్దమనిషీ, కోఠికే, ఎక్కు" అన్నాడు. నాకు పోవాల్సిన పని లేదు. అయినా ఎక్కాను.

అట్లా నాకు నోరిచ్చిన మనిషి తన నోరు మూసుకున్నాడని నాకు అర్థమైంది రెండేండ్ల తర్వాత. దుకాణం వెనక ఒక చిన్న బాత్రూం ఉండేది. దాని రేకు తలుపు మూసినప్పుడల్లా దుకాణమంతా వినపడేది. సేటు చేతిలో ఉన్న పని వదిలేసి మాటిమాటికీ అటు వెళ్ళడం మొదలుపెట్టాడు. వెళ్ళినవాడు తొందరగా వచ్చేవాడు కాదు.

"సేటూ, పొద్దటి సంది ఎన్నిసార్లు పోయిన్రు?" అని అడిగాను.

"నా లెక్క పెడుతున్నవా?"

"మీ లెక్క కాదు, తలుపు లెక్క. రేకు ఊడొస్తది."

"షుగరేమో. అందరికీ అయితది ఈ వయసుల."

"అయితే చూపెట్టుకోండ్రి. అందరితోని కలిసి పోయేందుకు ఇదేమన్న జాతరనా?"

నెల రోజులు నన్ను తిట్టి, చివరికి ఒకరోజు చూపించుకున్నాడు. రక్తం తీశారు, తర్వాత సూదితో లోపలి నుంచి ముక్క తీశారు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అన్నారు. అది మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి. ఆ సంగతి ఇంట్లో భార్య శకుంతలమ్మకు ఆయన చెప్పింది మాత్రం నడుము నొప్పి అని. నడుముకు కాపడం పెట్టించుకుంటున్నాననే మాటతో ఆస్పత్రికి వెళ్ళడం మొదలుపెట్టాడు. తోడుకు నన్ను తీసుకుపోయాడు. నా కడుపులో మాట దాగదని అందరికంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసీ నన్నే ఎందుకు తీసుకుపోయాడా అని అప్పుడు అనుకున్నాను. తాను అడగలేనివి అడిగే మనిషి పక్కన కావాలి, అందుకే అని తర్వాత తోచింది.

నారాయణగూడ అవతల ఉన్న ఆ ఆస్పత్రి పేరు నేను రాయను. డాక్టరు ఓపిక ఉన్న మనిషి. వైద్యం మూడు తీర్లన్నాడు. మొదటిది ఒక సూది, ఆ గడ్డకు మేత అయ్యే మగ హార్మోన్‌ను అది తగ్గిస్తుంది. రెండోది రేడియేషన్, దాన్నే మావాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. మూడోది, కరెంటు పెట్టే వారంలో కొన్ని రోజులు పొత్తికడుపు మీద నీళ్ళ సంచి ఆనించి, మిషనుతో లోపలి దాకా వేడి పంపడం. పెద్ద జ్వరమొస్తే ఒళ్ళు ఎంత కాలుతుందో, దానికంటే కొంచెం ఎక్కువ వేడి గడ్డకు తగలాలట.

వేడి అనే మాట వినగానే సేటు ముఖం విప్పారింది. "వేడి మా ఇంటి మనిషి డాక్టర్ సాబ్. గా కరెంటు వద్దు, సూదులు వద్దు. వేడే పెట్టుండ్రి, ఎంత కావాల్నంటే అంత."

"మీరేం పని చేస్తారు?" అన్నాడు డాక్టరు.

"లాండ్రీ."

"పొడి బట్ట మీద పెట్టె తిప్పితే ముడత పోతుందా?"

"మొండి ముడత పోదు. నీళ్ళు చల్లాలె."

"వట్టి నీళ్ళు చల్లి వదిలేస్తే?"

"తడిసిన ముడత ఎండిన ముడత అయితది. అంతే."

"ఈ వేడి ఆ నీళ్ళు చల్లడం లాంటిది. వేడెక్కిన గడ్డ మీద రేడియేషన్ బాగా పట్టే అవకాశం ఉంది. పెట్టె మాత్రం రేడియేషనే. అది మానేసి ఇదొక్కటే పెట్టించుకుంటే లాభం లేదు."

సేటు తల ఊపాడు. నేను అడిగాను, "ఖాయమేనా డాక్టర్ సాబ్?"

"ఖాయమని చెప్పను. కొందరికి మేలు కనిపించింది. అందరికీ ఇచ్చేది కాదు, ఇంకా చూస్తూనే ఉన్నాం. ఈయనకు తోడుగా పెడితే మంచిదనిపించింది, అంతవరకే చెప్పగలను."

బయటికొచ్చాక సేటు, "నువ్వు నోరు మూసుకోవైతివి" అన్నాడు. "మీరు తెరవకపోతిరి" అన్నాను. ఇద్దరం నడుచుకుంటూ చిక్కడపల్లి వచ్చాం.

వేడి పెట్టే గదిలో లీల అనే అమ్మాయి ఉండేది. మిషను నడిపేది ఆమె. ఆ గదిలో రేడియేషన్ ఉండదు కాబట్టి నన్ను తలుపు పక్కన స్టూలు మీద కూర్చోనిచ్చేవాళ్ళు. సేటును పడుకోబెట్టి, లోపలి వేడి కొలవడానికి వెనక నుంచి ఒక సన్నటి తీగ పెట్టేవాళ్ళు. అప్పుడు ఆయన గోడవైపు ముఖం తిప్పుకునేవాడు. తర్వాత పొట్ట మీద నీళ్ళ సంచి, దాని మీద మిషను పళ్ళెం. లీల ప్రతిసారీ ఒకే మాట చెప్పేది.

"అంకుల్, ఎక్కడన్న ఒక్క దగ్గర మండినట్టయినా, గుచ్చినట్టయినా వెంటనే చెప్పాలె. లోపలి వేడి నాకు మిషన్‌ల కనపడతది. చర్మం కింద ఎక్కడ ఎక్కువైందో మీరు చెప్తేనే తెలుస్తది. ఓర్చుకోవద్దు."

"సరే బిడ్డా."

"ఎట్లుందంకుల్?"

"మంచిగున్నది."

మొదటి కొన్నిసార్లు నిజంగానే మంచిగా ఉంది. పొట్ట మీద వెచ్చగా ఉంటే కునుకు కూడా తీసేవాడు. ఒకరోజు దుకాణంలో పెండ్లివారి బట్టలు పడ్డాయి, నేను రాలేకపోయాను, ఆయన ఒక్కడే వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు తువ్వాలు పొట్టకు అడ్డం పెట్టుకుని వంగి నడుస్తున్నాడు. బాత్రూంలోకి తీసుకుపోయి బనీను ఎత్తి చూశాను. ఎడమవైపు, నాభికి కింద, అరచేయంత మేర ఎర్రగా కమిలి మధ్యలో పొక్కు లేచింది. లీల ఎన్నిసార్లు అడిగినా మంచిగున్నది, మంచిగున్నది అంటూ పోయాడట. ఆఖరున సంచి తీస్తే కనపడింది.

"డాక్టర్ తిట్టిండు ఆ పిల్ల ముంగట. 'జీవితమంతా వేడి పని చేసినవ్, కాలుతున్నది తెల్వలేదా' అన్నడు" అని కూర్చున్నాడు. బనీను కిందికి లాక్కుని, "తెల్వకనా?" అన్నాడు.

చర్మం మానేదాకా వేడి ఆపమన్నారు, కరెంటు మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దన్నారు. సేటు రెండూ ఆపేశాడు. మర్నాడు పోలేదు, ఆ మర్నాడూ పోలేదు. ఎంతయితే అంతయితది అన్నాడు. డాక్టరు దగ్గర నా ఫోన్ నంబరు ఉంది. ఆయనే చేశాడు. సగంలో ఆపితే అప్పటిదాకా పెట్టింది కూడా అక్కరకు రాకపోవచ్చనీ, మిగిలిన గడ్డ మళ్ళీ లేస్తుందనీ, ఎట్లాగైనా తీసుకురమ్మనీ చెప్పాడు. నేను పెట్టె తిప్పడం ఆపేసి అశోక్‌నగర్‌లో వాళ్ళింటికి నడిచాను.

శకుంతలమ్మ చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సేటు కుర్చీలో ఉన్నాడు. నేను చెప్పులు విడవకముందే ఆమె అడిగింది.

"సాయిలూ, ఈయన నడుముకు కాపడమని పోతుండు గదా. నడుముకు పెడితే కడుపు మీద ఎట్ల పొక్కింది?"

"అమ్మా, నన్ను అడగకుండ్రి. అడిగితే చెప్త. దాచుడు నాకు రాదు."

"అడుగుతున్న."

నేను సేటు వైపు చూశాను. ఆయన క్యాలెండర్ చూస్తున్నాడు. అక్కడ చూడ్డానికేమీ లేదు, పోయిన నెల కాగితం అది, ఇంకా చింపలేదు.

"మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?" అన్నాను. ఆయన క్యాలెండర్ వదల్లేదు. అప్పుడు ఇంకో మాట వచ్చింది నా నోటికి. నేను ఆలోచించి అన్నది కాదు. "నోట్లనే అనుకుంటే అది మీ కాడనే ఉంటది సేటూ. బయటికి అనుండ్రి. లేకుంటే దిద్దేటోళ్ళు ఎట్ల దిద్దాలె?"

ఆయన నావైపు తిరిగాడు. తర్వాత చెప్పాడు. నేను మొదట అక్షరాలు కూడబలుక్కున్నట్టు ఒక్కొక్క ముక్కే చెప్పాడు. జబ్బు పేరు చెప్పి ఆగాడు. అది ఎక్కడొస్తుందో చెప్పి ఆగాడు. సూదులు మొదలైన సంది తాను ఆమెకు దూరంగా పడుకోవడం ఎందుకో చెప్పబోయి నన్ను చూశాడు. నేను లేచి బాల్కనీలోకి వెళ్ళాను. మళ్ళీ లోపలికి వచ్చేసరికి ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. ఏడవలేదు.

"ఆ పిల్ల అన్నిసార్లు అడిగినా కాలుతున్నదని ఎందుకు చెప్పలే?" అంది.

"అలవాటు లేదు."

"చాయ్ పైసలకు భయపడి పానం ఇడుస్తవా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. సేటు నన్ను కోపంగా చూసి, తర్వాత తానూ నవ్వాడు. నవ్వితే పొక్కు నొప్పి పుట్టి పొట్ట పట్టుకున్నాడు. "ఆ, ఇప్పుడు అను, నొప్పి అయితున్నదని అను" అందామె.

"రేపు పోత తియ్" అన్నాడు.

"రేపు బంద్" అన్నాను.

"బంద్ బస్సులకు. ఈయనకు కాదు" అంది శకుంతలమ్మ.

అవి ఉద్యమం రోజులు. బంద్ అంటే మా చౌరస్తాలో చీమ కూడా కదిలేది కాదు. ఆటోలు లేవు. బట్టల మూటలు చేరవేసే సైకిలు ఉండేది మా దుకాణానికి, వెనక వెడల్పాటి క్యారియర్‌తో. దాని మీద దుప్పటి మడిచి వేసి సేటును కూర్చోబెట్టాను. కరెంటు పెట్టే ముందు మూత్రాశయం నిండుగా ఉండాలి, అందుకని ముందే నీళ్ళు తాగాలి. ఆయన ఇంట్లోనే తాగేశాడు. గుంత వచ్చినప్పుడల్లా నా నడుము పట్టుకుని, "సాయిలూ, జర నెమ్మది, జర నెమ్మది" అంటున్నాడు.

చౌరస్తాలో జెండాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్న పిల్లలు మమ్మల్ని ఆపారు.

"బంద్ తెల్వదా తాతా? ఇయ్యాల లాండ్రీ గూడ బందే."

నేను సైకిలు దిగలేదు. "ఈయనకు ప్రోస్టేట్ క్యాన్సర్. కరెంటు పెట్టించనీకి తీస్కపోతున్న. కడుపు నిండ నీళ్ళు తాగి ఉన్నడు. ఇంక కొంచెంసేపు ఆపితే మీ ముంగటనే విడుస్తడు."

ముందున్న పిల్లాడు జెండా దించాడు. తర్వాత నవ్వులు లేచాయి, వాటి వెంటే మనుషులూ లేచారు. ఇద్దరు సైకిలు వెనక చేతులు వేసి చౌరస్తా దాటించారు. సేటు నా వీపులో వేలితో పొడిచాడు.

"నడిబజార్ల నా ఇజ్జత్ తీసినవ్."

"ఇజ్జత్ పోయింది, తొవ్వ దొరికింది."

అంతలో వెనక నుంచి ఒక మనిషి వడివడిగా నడుస్తూ వచ్చాడు. మా వయసువాడే, కవాడిగూడలో ఉంటానన్నాడు. సైకిలు పక్కనే నడుస్తూ గొంతు తగ్గించి సేటును అడిగాడు. "అన్నా, నాకు గూడ రాత్రి ఊకె లేవాల్సొస్తుంది. ధార సరిగ రాదు. అది ఇదేనా?"

సేటు ఏమంటాడోనని నేను తొక్కడం నెమ్మది చేశాను. "నాకు తెల్వది తమ్మీ. అందరికీ ఇదే కాకపోవచ్చు" అన్నాడు. మళ్ళీ అతనివైపు వంగి, "డాక్టర్‌కు చెప్పు. ఇంట్ల గూడ చెప్పు. నేను దాస్తే ఏమైందో చూడు" అని బజారులో, అందరూ చూస్తుండగా, బనీను ఎత్తి పొక్కు చూపించాడు.

చర్మం మానాక మళ్ళీ వేడి మొదలుపెట్టారు. లీల మిషను ముట్టకముందే చేతులు కట్టుకుని నిలబడింది. "ఈసారి చెప్పకపోతే నేను బంద్ చేసి ఇంటికి పోత అంకుల్." సేటు సరేనన్నాడు. నేను స్టూలును ఆయన పాదాల వైపు జరుపుకున్నాను. నాకు ఆయన ముఖం మీద నమ్మకం లేదు, కాలివేళ్ళ మీద ఉంది. చాలాసేపు అవి తిన్నగానే ఉన్నాయి. లీల అడిగింది, మంచిగున్నది అన్నాడు, వేళ్ళు కూడా అదే మాట అన్నాయి. ఇంకొంచెంసేపటికి ఎడమకాలి బొటనవేలు కదిలింది. తర్వాత అన్నీ లోపలికి ముడుచుకున్నాయి. నేను నోరు తెరవబోయాను.

"బిడ్డా" అన్నాడు సేటు. మళ్ళీ అన్నాడు. "బిడ్డా, ఎడమ దిక్కు... సుర్రుమంటున్నది."

లీల వెంటనే వేడి తగ్గించింది. సంచి జరిపి, కింద తడి గుడ్డ సర్దింది. "ఇప్పుడెట్లుంది?"

"ఇప్పుడు మంచిగున్నది. ఈ మాట నిజం."

సేటు పైకప్పు చూస్తూ పడుకున్నాడు. కళ్ళ పక్క నుంచి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోలేదు, కదలొద్దన్నారు కదా.

"సాయిలూ" అన్నాడు చివరికి.

"ఆ, సేటూ."

"చాయ్ చెప్పు. అందరికీ."

లీలకు తాగించాం, డాక్టరుకు తాగించాం, వార్డు ఊడ్చే ఆమెకు, బయట కూర్చున్న పేషంట్లకు కూడా. ఏం సందర్భం అని డాక్టరు అడిగితే, "ఓడిపోయిన" అన్నాడు సేటు. దుకాణం మూసేస్తానన్న మాట నేను గుర్తు చేస్తే విననట్టు నటించాడు.

మర్నాడు దుకాణంలో కట్టుబాటు తిరగేశాడు. ఇక నుంచి కాలి గమ్మునున్నవాడే చాయ్ తాగించాలి. ఆ వారం దుకాణమంతా అబ్బా, అమ్మా అనే కేకలే. పెట్టె దగ్గరికి పోకముందే అరిచేవాళ్ళున్నారు. ఇక్కడ బట్టలు ఇస్త్రీ చేస్తున్నరా మనుషులను చేస్తున్నరా అని ఒక గిరాకీ అడిగాడు.

కరెంటు మొత్తం పూర్తయింది. సూదులు ఇంకా కొన్నాళ్ళు నడిచాయి. వాటి వల్ల ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి చెమటలు పట్టేవి. "శకుంతలకు ఆ వయసుల ఎట్లుండెనో ఇప్పుడు తెలిసింది" అనేవాడు. అప్పుడామె ఆ మాట చెప్పలేదా అంటే, చెప్పిందట, తనకే వినపడలేదట. రక్తంలో ఆ జబ్బు లెక్క తగ్గింది, ఆ తర్వాత చూసినప్పుడల్లా తక్కువగానే ఉంది. అందులో వేడి వల్ల ఎంత, కరెంటు వల్ల ఎంత, సూదుల వల్ల ఎంత అని అడిగితే నేను చెప్పలేను. డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. ముడత పోయాక నీళ్ళ వల్ల పోయిందా పెట్టె వల్ల పోయిందా అని బట్టను అడిగితే ఏం చెప్తుంది?

రాష్ట్రం వచ్చిన యేడు, వానాకాలంలో, సేటు పోయాడు. ఆ జబ్బుతో కాదు. మధ్యాహ్నం అన్నం తిని దుకాణంలో కుర్చీలో కూర్చుని ఉండగా గుండె ఆగింది. ఆయనకు కట్టాల్సిన పంచె ఇస్త్రీ చేసి తెమ్మని శకుంతలమ్మ కబురు పంపింది. ఇంకెవరినీ ముట్టనివ్వకుండా నేనే చేశాను. నీళ్ళు చల్లాను, పెట్టె తిప్పాను, అంచులు సరిచేశాను. తీసుకుపోయి ఇచ్చాను. మనుషులకు కుర్చీలు వేశాను, పాడె దగ్గర నిలబడ్డాను, దోమలగూడ నుంచి వచ్చిన చుట్టాలకు దారి చెప్పాను. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. సాయిలు గుండె రాయి అని ఎవరో అనడం కూడా వినపడింది.

అన్నీ అయ్యాక, ఇల్లు కడిగి మనుషులు వెళ్ళిపోయాక, శకుంతలమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. మణికట్టు పైన, పెట్టె అంచు పడినంత మేర, చర్మం కమిలి పొక్కు లేచి ఉంది. అది ఎప్పుడు కాలిందో నాకు తెలియదు.

"ఆ పంచె చేసేటప్పుడేనా?"

"అయ్యుంటది అమ్మా."

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

"అయితే చాయ్ నీదే సాయిలూ" అంది.

అప్పుడు వచ్చింది ఏడుపు. బయటికే ఏడ్చాను, సందులోకి వినపడేటట్టు. ఆమె నా పక్కనే కూర్చుని తానూ ఏడ్చింది. తర్వాత నేను మూలమీద హోటలుకు వెళ్ళి చాయ్ తెచ్చాను. ఇద్దరం తాగాం. మూడో గ్లాసు కూడా తెచ్చానని తాగడం అయ్యాకగానీ చూసుకోలేదు.

ఆయన ఇచ్చిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. రాసేటప్పుడు ప్రతి మాటా పైకి అంటూ రాస్తాను, పక్క గదివాళ్ళు ఏమనుకున్నా సరే. మొన్న నాకు కూడా రాత్రిళ్ళు లేవాల్సి వస్తుంటే ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు నా మనవరాలి వయసు పిల్ల. ఆమె అడగకముందే ధార సంగతి, మంట సంగతి, అన్నీ చెప్పేశాను. బయట కూర్చున్నవాళ్ళకు కూడా వినపడింది. నా వెనక వరసలో ఉన్న పెద్దాయన ఒకాయన లోపలికి పోతూ పోతూ నా భుజం తట్టి వెళ్ళాడు.

కింద ఇస్త్రీ బండి ఆమెకు మా దుకాణం కట్టుబాటు చెప్పాను, సేటు తిరగేసినదే. చెయ్యి కాలితే సందంతా వినపడేలా తిడుతుంది పెట్టెను. అది వింటే నాకు నిశ్చింత. ఎప్పుడైనా సుయ్‌మన్న చప్పుడు తర్వాత కింద మరీ సద్దులేకుండా ఉంటే, రాస్తున్నది ఆపి, కిటికీలోంచి వంగి అడుగుతాను.

"ఏమమ్మా, ఇయ్యాల చాయ్ ఎవరిది?"